రేపటి చేపల పులుసు ఇవాళే తినాలంటే: ఫోనుతో సైన్స్ ఫిక్షన్ కామెడీ తీయడం ఎలా?

నెల్లూరోడికి టైమ్ మెషిన్ దొరికితే ఏం చేస్తాడు? చరిత్ర మారుస్తాడా, ముత్తాతని కలిసొస్తాడా, అదేం లేదు, రేపటి పులుసు గిన్నె ఇవాళే తెప్పించుకుంటాడు, ఎందుకంటే మామిడికాయ వేసిన బొచ్చె చేపల పులుసు రుచి మర్నాడే గదా తెలిసేది. ఈ ఒక్క ముక్క పట్టుకుని పోయినేడు మేం నలుగురం స్టోన్‌హౌస్‌పేటలో ఒక షార్ట్ ఫిల్మ్ తీశాం, 9 నిమిషాలు, ఖర్చు 6,400, అందులో చేపలకే 1,100 పోయింది. ఎట్టా తీశారని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి వరసగా చెప్తున్నా, కొన్ని మేం చేసిన తప్పులు కూడా కలిపి.

ముందు చూడండి, తర్వాతే తీయండి

ఈ టైపు సినిమాలు ఓ మూడు నాలుగు చూస్తే భయం పోతుంది. జాన్ కార్పెంటర్ 'డార్క్ స్టార్' (1974) కాలేజీలో స్టూడెంట్ ఫిల్మ్‌గా మొదలైంది, అందులో ఏలియన్ అంటే బీచ్‌లో పిల్లలు ఆడుకునే గాలి బంతి, కింద గోళ్ళున్న కాళ్ళు తగిలించారు, అంతే. అది బంతే అని మనకి తెలుసు, వాళ్ళు దాచలేదు, అయినా దాన్ని పట్టుకోడానికి ఒకడు పడే అవస్థ చూస్తుంటే నవ్వాగదు. పీటర్ జాక్సన్ 'బ్యాడ్ టేస్ట్' (1987) శని ఆదివారాల్లో నాలుగేళ్ళు తీశాడు, ఏలియన్ మాస్కులు వాళ్ళమ్మ ఒవెన్‌లో కాల్చాడు (ఇది మాత్రం రక్తం బాగా ఉంటది, అన్నం తింటా చూడొద్దు). 2020లో వచ్చిన జపాన్ సినిమా 'బియాండ్ ది ఇన్ఫినిట్ టూ మినిట్స్' మొత్తం ఒక కేఫే, పైన రూము, మెట్లు, సెల్ ఫోనుతో తీశారు, అందులో టీవీ సరిగ్గా రెండు నిమిషాల తర్వాత జరిగేది చూపిస్తది. మన పక్కన మలయాళం వాళ్ళు 2019లో 'ఆండ్రాయిడ్ కుంజప్పన్' తీశారు, పల్లెటూరి ముసలాయన, ఆయనకి తోడుగా ఒక రోబో, ఆ రోబో సూట్ లోపల ఉంది మనిషే.

చూసేటప్పుడు ఒకటి గమనించండి, వీటిల్లో ఎవడూ ప్రపంచాన్ని కాపాడ్డానికి పరిగెత్తడు, కాపాడాల్సొచ్చినా ముందు వాడి చిన్న గొడవ వాడికి ఉంటది. నాకు ఈ సినిమాలంటే అందుకే ఇష్టం, పెద్ద బడ్జెట్ వాటిల్లో మెషిన్ గొప్పది, వీటిల్లో మెషిన్ ముందు నిలబడ్డ మనిషి మన పక్కింటోడు.

ఒక్క అబద్ధం చాలు

కథలో సైన్స్ ఫిక్షన్ ముక్క ఒక్కటే ఉండాలి, మిగతాదంతా పచ్చి నిజం. టైమ్ మెషినూ ఏలియనూ రోబో మూడూ పెడితే చూసేవాడు దేన్నీ నమ్మడు. మా అబద్ధం ఒకటే, పాత ఫ్రిజ్‌లో గిన్నె పెట్టి రెగ్యులేటర్ తిప్పితే రేపటి గిన్నె వస్తది. మన నెల్లూరు జిల్లా మనిషి సింగీతం శ్రీనివాసరావు గారు 'ఆదిత్య 369' (1991)లో జనాన్ని 1526కీ 2504కీ తీసుకుపోయారు, మా గిన్నె రేపటికి పోయొస్తే చాలనుకున్నాం.

తర్వాత దానికి రూల్స్ పెట్టండి, ఖర్చు తగ్గించే రూల్స్. మావి ఇవి: మనుషులు పోలేరు, గిన్నె మాత్రమే పోద్ది, 24 గంటలు దాటదు, రోజుకొక్కసారే. మనుషులు పోరు కాబట్టి ఒకే హీరో ఇద్దరుగా కనపడే ట్రిక్కులు అక్కర్లేదు, గ్రాఫిక్స్ సున్నా. గొడవ కూడా ఆ రూల్‌లోనే పుట్టింది, ఇవాళ తినేస్తే రేపు గిన్నె ఖాళీ గదా. మర్నాడు పెళ్ళాం మూత తీస్తది:

"ఏందయ్యా, పులుసు యాడబోయింది?"
"నిన్న తినేశా గదే."
"నిన్న తినింది నిన్నటిది గదా, ఇవాళ్టిదేది?"
"ఇవాళ్టిదే నిన్న తిన్నా."

ఇక్కడ మాకు లెక్క తప్పింది. ఏ సీను ఏ రోజుదో కాగితం మీద రాసుకోలేదు, మధ్యలో హీరో గడ్డం గీయించుకొచ్చాడు, 'నిన్న' గడ్డం లేదు 'మొన్న' ఉంది 'ఇవాళ' సగముంది, సగం రోజు మళ్ళీ తీశాం. అప్పుడొకడు మార్కాపురం పలక తెచ్చాడు, ప్రతి షాట్ ముందు దాని మీద సుద్దతో రోజు, టైము, చొక్కా రంగు, గిన్నెలో పులుసు ఎంతుందో రాసి కెమెరాకి చూపించడం. క్లాప్ బోర్డు కొనక్కర్లేదు, పలక పక్కన చెక్కతో ఒక్క దెబ్బ కొడితే సౌండ్ కలుపుకోడానికి కూడా పనికొస్తది.

మిషన్ తయారీ

పాత ఇనుప సామాన్ల కొట్లో కంప్రెసర్ తీసేసిన ఫ్రిజ్ డొల్ల 700కి దొరికింది, తలుపు మీద ఎవరింటి పిల్లలో అతికించిన క్రికెటర్ల స్టిక్కర్లు అట్టాగే ఉండాయి, గోకలేదు. లోపల పెళ్ళిళ్ళకి వాడే సీరియల్ లైట్లు, బయట పాత ఫ్యాను రెగ్యులేటర్, రెండు ఇడ్లీ ప్లేట్లు బోల్టు వేసి యాంటెనా. సిల్వర్ పెయింట్ కొట్టి కొత్తగా మెరిపించొద్దు, కొత్తగా మెరిసేది స్కూలు సైన్స్ ఫెయిర్ బొమ్మలాగా ఉంటది, వాడినట్టుండాలి, చేతులు తగిలేచోట మురికి, వైరు ఊడినచోట నల్ల టేపు.

షూటింగ్ రోజు మా హీరో వాళ్ళమ్మ వచ్చి చూసింది. ఏం మాట్లాడకుండా లోపలికి పోయి పసుపు కుంకం తెచ్చి ఫ్రిజ్‌కి మూడు బొట్లు పెట్టి, హ్యాండిల్‌కి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, "మిషనంటే మిషనే గదా నాయనా" అనేసి పోయింది. మేం తీసేయలేదు. 

యాడ తీయాలి

ఇంట్లో తీయండి, సినిమాలో 80 శాతం వంటిల్లే ఉన్నా పర్లేదు. బయట షాట్లు నాలుగైదు చాలు, అవి మాత్రం మన చుట్టుపక్కల బ్రహ్మాండంగా ఉండాయి. రాత్రిపూట రొయ్యల గుంటల్లో ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే చక్రాలు) తిరగతా ఉంటే పక్కనుంచి ఎర్ర లైటు కొట్టి దగ్గరగా తీయండి, అచ్చం వేరే గ్రహం. ఓనర్ని అడిగే పోండి, గట్టు మాత్రం దిగొద్దు, నీళ్ళలోకి కరెంటు వైర్లుంటాయి.

ఆకాశంలో నక్షత్రాలు కావాలంటే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయి, నల్లటి రాతిలో బంగారు చుక్కలుంటాయి గదా, పాలిష్ పట్టిన ముక్క ఒకటి గ్రానైట్ షాపులో అడిగితే ఇస్తారు. గది చీకటి చేసి టార్చి ఒక పక్క నుంచి ఏటవాలుగా వేసి ఫోను నిదానంగా జరపండి. మొదటిసారి మా ఫోనే అద్దంలోలాగా కనపడింది, అంతరిక్షంలో సెల్ ఫోను! నల్ల గుడ్డకి కెమెరా అంత బొక్క పెట్టి ఫోనుకి కప్పాక కుదిరింది.

రాకెట్టు షాటు ఫ్రీ. 2022లో శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ రాకెట్టుకి ఆ సంగతి తెలీదు, మబ్బులేకపోతే నెల్లూరులో మిద్దెల మీదకి అట్టాగే కనపడతది. ప్రయోగం టైము ఇస్రో ముందే చెప్తది, ఫోను స్టాండు మీద పెట్టి దక్షిణానికి తిప్పి, జూమ్ చేయకుండా, ఎక్స్‌పోజర్ లాక్ చేసి (అంటే ఫోను వెలుతురుని దానంతటదే మార్చకుండా ఆపి) రికార్డింగ్ ముందే ఆన్ చేసుకోండి, లాక్ చేయకపోతే మంట కనపడగానే ఫ్రేమంతా మసకబారతది. అటుపక్క డ్రోన్ లేపే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

ఫోనూ సౌండూ

ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే టైము) సెకనులో 1/50 పెడితే ట్యూబ్‌లైట్ మిణుకు మిణుకు అనదు. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా చూస్తారు, మాట వినపడకపోతే ఒక్కడూ కూర్చోడు, కాబట్టి డబ్బులు మైకుకి పెట్టండి, అదీ లేకపోతే ఇంకో ఫోను రికార్డింగ్ ఆన్ చేసి జేబులో వేసుకోండి. ఫ్యాను ఆపాలి, ఇంట్లో వాడే ఫ్రిజ్ కూడా ఆపాలి, ఆపినాక బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి, ఇంటికి పోయేటప్పుడు తాళాల కోసం తలుపు తీస్తారు, ఆన్ చేయడం గుర్తొస్తది. ఈ చిట్కా మాకు రెండో రోజు తెలిసింది, మొదటి రోజు ఆపేసి మర్చిపోయి పడుకున్నాం, తెల్లారి రెండు కేజీల బొచ్చె వాసన మా వీధి చివరిదాకా వచ్చింది.

మిషన్ సౌండ్ కొనొద్దు. మిక్సీ ఆగేటప్పుడు వచ్చే మూలుగు, కుక్కర్ విజిల్, రెండూ రికార్డు చేసి, రివర్స్‌లో చివర్నుంచి మొదటికి వేసి వినండి. సినిమా పాటలు మాత్రం వాడొద్దు, యూట్యూబ్‌లో కాపీరైట్ స్ట్రైక్ పడితే సినిమా మొత్తం పోద్ది.

నవ్వించొద్దు

యాక్టర్లకి చెప్పాల్సింది ఇదొక్కటే. వాళ్ళకది కామెడీ కాదు, ఇంట్లో పులుసు పోయింది. 'మేం జోకేస్తున్నాం చూడండి' అన్నట్టు కన్ను కొట్టాడా, అక్కడితో చచ్చింది. మా హీరో అలవాటుగా కనుబొమ్మలెగరేస్తా ఉంటే చివరికి నిజంగా ఆకలిమీద ఉంచి తీశాం, మధ్యాహ్నం మూడుదాకా అన్నం పెట్టలా, ఆ టేకే సినిమాలో ఉంది.

కోసేయండి

మొదట కట్ చేసింది 14 నిమిషాలు. మిద్దె మీద తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ అద్దెకి తెచ్చి, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు ఓ పాతిక మందికి వేశాం. సినిమా చూడొద్దు, జనాన్ని చూడండి, ఎవడు ఫోను తీశాడో ఆ నిమిషం రాసుకోండి. నేను వారం రోజులు కూర్చుని రాసిన టైమ్ ట్రావెల్ సిద్ధాంతం డైలాగు దగ్గర ఎనిమిది ఫోన్లు లేచాయి, తీసేశాం. పెద్ద నవ్వొచ్చింది ఒక్కచోటే, హీరో రెగ్యులేటర్ తిప్పబోయి ఆగి, చెప్పులు విడిచి, నిమ్మకాయని కళ్ళకద్దుకునే చోట. అది స్క్రిప్టులో లేదు, వాళ్ళమ్మ చూస్తా ఉంది కాబట్టి భయపడి చేశాడు.