విశ్వవిద్యాలయ పరిశోధన వల్ల బయట ఏం మారిందో తెలుసుకోవడం ఎలా?

ఒక విశ్వవిద్యాలయం ఏడాదిలో ఎన్ని పరిశోధన పత్రాలు ప్రచురించిందో, ఎన్ని పేటెంట్లు పొందిందో దాని వార్షిక నివేదికలో చూడవచ్చు. ఆ పరిశోధన వల్ల ఎవరి పని, ఎవరి తిండి, ఎవరి ఆదాయం మారాయన్నది మాత్రం వెంటబడి వెతికితేనే తేలుతుంది. బాపట్లలో వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించగా 1986లో విడుదలైన బీపీటీ 5204 వరి వంగడాన్ని, అంటే మనందరం ఎరిగిన సాంబ మసూరిని, ఉదాహరణగా తీసుకుని ఆ వెతుకులాట ఎలా సాగాలో చూద్దాం.

1. ఒక్క ఫలితాన్నే ఎంచుకోండి.
"వ్యవసాయ పరిశోధన వల్ల రైతులకు మేలు జరిగిందా?" అన్న ప్రశ్న పట్టుకుంటే ఎటూ తేలదు. "ఈ వంగడం వచ్చాక మా మండలంలో ఎవరు ఏం మార్చుకున్నారు?" అన్నదానికి జవాబు దొరుకుతుంది.

2. విడుదలను, వాడకాన్ని వేరుగా చూడండి.
వంగడం విడుదలైనంత మాత్రాన పొలంలో ఏదో మారినట్టు కాదు. శాస్త్రవేత్తలు ఇచ్చే మొదటి విత్తనం (బ్రీడర్ విత్తనం) నుంచి దాన్ని పెంచే ఫౌండేషన్ విత్తనం, దాని నుంచి నాణ్యత ధ్రువీకరించిన సర్టిఫైడ్ విత్తనం తయారై రైతు చేతికి చేరాలి. ఈ లెక్కలు విత్తన సంస్థల దగ్గర ఉంటాయి. అయితే వరి స్వపరాగ సంపర్కం జరిగే పంట, అంటే పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది, దాచిన విత్తనంలో రకం పెద్దగా మారదు కాబట్టి చాలామంది రైతులు తమ పంటలోని మంచి ధాన్యాన్నే మరుసటి ఏడాదికి విత్తనంగా దాచుకుంటారు, ఇరుగుపొరుగుకు ఇస్తారు. అమ్ముడైన బస్తాలను మాత్రమే లెక్కిస్తే అసలు వ్యాప్తి కన్నా తక్కువే కనిపిస్తుంది. నారుమళ్లు పోసే రోజుల్లో ఊళ్లోకి వెళ్లి "ఈ విత్తనం ఎక్కడిది?" అని పది ఇళ్లలో అడిగితే రికార్డుల్లో లేని దారులు బయటపడతాయి.

3. అది లేకపోతే ఏం జరిగేదో ఆలోచించండి.
నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. సాంబ మసూరి రాకముందు రైతుల చేతిలో ఏమీ లేదనుకోవడం తప్పు. మార్టేరులో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, అప్పటికే మంచి దిగుబడి ఇస్తోంది. కాబట్టి ఎకరాకు ఎన్ని బస్తాలు పండిందన్న ఒక్క లెక్కతో పోలిస్తే సాంబ మసూరి గొప్పతనం అర్థం కాదు. దాని బలం సన్నని గింజలో, అన్నం తినడానికి బాగుండడంలో ఉంది. అందుకే పొలంతో ఆగకుండా రైస్ మిల్లుకు, కిరాణా దుకాణానికి వెళ్లి సన్న రకానికీ దొడ్డు రకానికీ క్వింటాలుకు ధరలో తేడా ఎంతో, ఆ తేడాలో రైతుకు దక్కేది ఎంతో, మిల్లరు దగ్గర ఆగేది ఎంతో అడిగి రాసుకోవాలి.

4. నష్టాన్నీ లెక్కలో చేర్చండి.
సాంబ మసూరి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. పంటకాలం కూడా ఐదు నెలల దాకా ఉంటుంది కాబట్టి నీరు చివరిదాకా అందని చోట దాన్ని వేయడం కష్టం. మందుల ఖర్చు ఎంత పెరిగింది, ఈ వంగడం ఎవరికి అందుబాటులో లేకుండా పోయింది అన్న ప్రశ్నలు కాలువ చివరి భూముల రైతులను అడగాలి. ఈ నష్టమే తరువాతి పరిశోధనకు కారణమైంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి రూపొందించిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

5. ఘనతను పంచి రాయండి.
సాంబ మసూరి పుట్టుకలో కోయంబత్తూరులో ఎంపికైన జీఈబీ 24, తైవాన్‌కు చెందిన టీఎన్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి అనే వరి రకాలు ఉన్నాయి. మెరుగైన రకంలోని మూడు జన్యువుల్లో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. ఏ ఒక్క సంస్థ ఖాతాలోనో మొత్తం ఫలితాన్ని వేయడం న్యాయం కాదు.

6. తగినంత కాలం ఇవ్వండి.
మొదటి విడుదలకూ తెగులును తట్టుకునే రకానికీ మధ్య 22 ఏళ్లు గడిచాయి. మూడేళ్ల ప్రాజెక్టు నివేదికలో ఇది కనిపించదు.

7. ఆధారాన్ని బట్టి మాట వాడండి.
రికార్డులో చూసినదాన్ని, రైతులు చెప్పినదాన్ని, మీరు ఊహించినదాన్ని విడివిడిగా రాయండి. "పరిశోధన వల్ల ఆదాయం పెరిగింది" అనే ముందు, అదే కాలంలో సాగునీరు, ఎరువులు, మద్దతు ధర మారాయేమో చూడండి. రాసిన చిత్తుప్రతిని మీకు వివరాలు చెప్పిన రైతులకు, మిల్లర్లకు చదివి వినిపించి, వాళ్లు కాదన్న చోట దిద్దిన తరువాతే ఖరారు చేయండి.