పచ్చదీపం కోసం ఆగితే ఆలస్యమే: మొదటి డ్రాగ్ రేసుకు ముందు జాగ్రత్తలు

హనుమకొండ, కాజీపేటల నుంచి మొదటిసారి డ్రాగ్ రేసుకు, అంటే ఇద్దరు పక్కపక్కన తిన్నగా దూసుకెళ్లే పొట్టి పందేనికి, వెళ్లే తమ్ముళ్లు ఇంజను మీద చూపే శ్రద్ధలో సగమైనా స్టార్టింగ్ గీత మీద చూపరు. 402 మీటర్ల పందెం చాలాసార్లు చేజారేది అక్కడే. మీ బండి 12.40 సెకన్లలో దూరం దాటినా, పచ్చదీపం వెలిగాక కదలడంలో 0.250 సెకన్లు పోతే మొత్తం 12.65. పక్కవాడు 12.50 బండితోనే 0.100లో కదిలితే 12.60కే గెలుస్తాడు.

అన్నిటికంటే ముందు, సాధన పేరుతో హైదరాబాద్ హైవే ఎక్కకండి. అనుమతి లేని రోడ్డు పందేలకు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద జైలుశిక్ష ఉంది. అది సరే, అడ్డంగా వచ్చే ఆటోవాడికి మీ పందెం సంగతి ఏం తెలుస్తుంది? ఈ సాధనకు బండి కదలాల్సిన పనే లేదు.

గీత దగ్గర పందెం మొదలుపెట్టే దీపాల స్తంభాన్ని ట్రీ అంటారు. ఫుల్ ట్రీలో మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో వరుసగా వెలుగుతాయి, మరో అర సెకనుకు పచ్చ. ప్రో ట్రీలో మూడూ ఒక్కసారే వెలిగి, 0.400 సెకన్లకు పచ్చ వస్తుంది. కన్ను చూసి చెయ్యి కదలడానికే సుమారు 0.2 సెకన్లు పడుతుంది. క్లచ్ పట్టుకుని, చక్రం గీత మీది కాంతి కిరణాన్ని దాటిపోవడానికి ఇంకొంత. అందుకే చివరి పసుపు వెలిగిన క్షణమే వదలాలి. మనసులో లెక్కపెట్టి వదిలారో, ఎర్రదీపమే, అంటే పచ్చకు ముందే కదిలిన తప్పు.

ఇంజను ఆపిన బండిమీద కూర్చుని, స్నేహితుడి చేతికి టార్చి ఇవ్వండి. ఎప్పుడు వెలిగిస్తాడో మీకు తెలియకూడదు. వెలగగానే క్లచ్ వదలండి. రోజుకు పావుగంట చాలు, అలసిపోయాక చేసేది చెడ్డ అలవాటే అవుతుంది.

క్లచ్ లీవరు సంగతి చాలామంది పట్టించుకోరు. మా షెడ్డుకు వచ్చిన ఒక అబ్బాయి లీవరును హ్యాండిల్‌కు ఆనేదాకా నొక్కి పట్టేవాడు. వేళ్లు తెరుచుకున్నా, క్లచ్ ప్లేట్లు పట్టుకునేసరికి సగం దూరం వృథా. రెండు వేళ్లతో, చైను బిగుసుకోవడానికి వెంట్రుకవాసి ముందు లీవరును ఆపమన్నాను. వారంలో అతని కదలికే మారిపోయింది. అయితే బండి ముందుకు పాకకుండా చూసుకోవాలి.

ముందు చక్రం గీత మీదికి చేరిందని చెప్పే రెండో స్టేజి దీపం వెలగగానే ఆగండి. ఇంకా లోపలికి జరిగితే రియాక్షన్ అంకె (పచ్చ వెలిగాక కదలడానికి పట్టిన సమయం) బాగుంటుంది కానీ, ఎర్రదీపం ముప్పు పెరుగుతుంది. ముందు టైరు గాలి ప్రతి పరుగుకూ ఒకేలా ఉంచండి.

సాధన చేసిన గ్లౌజులే రేసు రోజునా తొడుక్కోండి. కొత్తవి వేళ్ల దగ్గర మడతపడి లీవరును పట్టేస్తాయి.