కాగితం కవచానికి ఏ రెజిన్ వాడాలి?

దసరా వేషాలకో, స్కూలు నాటకానికో అట్టతో కిరీటాలు, కవచాలు, భుజకీర్తులు చేసేవాళ్లు వాటిని గట్టిపరచడానికి కాకినాడ వెళ్లి, పడవలకు వాడే ఫైబర్ రెజిన్ (పూశాక గట్టిపడే చిక్కటి ద్రవం) తెచ్చేసుకుంటుంటారు, చౌకగా వస్తుంది కదా అని. ఇంట్లో చేసే పనికి దాన్ని దయచేసి వాడకండి.

అది పాలియెస్టర్ రెజిన్. మూత తీయగానే ముక్కుకు కొట్టే ఆ వాసన అందులోని స్టైరీన్ అనే రసాయనానిది. దాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2018లో, మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. రెజిన్‌తో పాటు మామూలుగా ఇంకో రెండు సీసాలు కొనాల్సి వస్తుంది: ఊదారంగులో ఉండే కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసేది), నీళ్లలా కనిపించే కెటలిస్ట్ (గట్టిపడటం మొదలుపెట్టించేది). ఈ రెండూ నేరుగా ఒకదానితో ఒకటి కలిస్తే మంట లేస్తుంది, పేలొచ్చు కూడా. కెటలిస్ట్ ఒక్క చుక్క కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పడవల పని గాలి బాగా ఆడే చోట, చేయి తిరిగిన వాళ్లు చేసేది, పిల్లలు పడుకునే గది పక్కన చేసేది కాదు.

పెద్దవాళ్లు చేస్తున్నట్టయితే ఎపాక్సీ అనే ఇంకో రకం రెజిన్ తీసుకోండి. ఖరీదు ఎక్కువే, కానీ స్టైరీన్ గొడవ ఉండదు, లోపల థర్మాకోల్ ఉన్నా కరిగించదు. అయితే వాసన తక్కువ కాబట్టి ఏమీ కాదులే అనుకోవద్దు. దాన్ని గట్టిపరచడానికి కలిపే హార్డెనర్ చర్మానికి మాటిమాటికీ తగిలితే ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైందంటే ఆ తర్వాత కొంచెం తగిలినా దద్దుర్లే. అందుకని నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చేతికి అంటితే సబ్బుతో కడగండి, థిన్నర్‌తో అస్సలు వద్దు, అది రెజిన్‌ను చర్మంలోకి ఇంకా దింపుతుంది. మామూలు గుడ్డ మాస్కు గానీ ఎన్95 గానీ ఆవిరిని ఆపవు, ఆర్గానిక్ వేపర్ కార్ట్‌రిడ్జ్ (రసాయనాల ఆవిరిని పట్టేసే డబ్బీ) ఉన్న మాస్కు కావాలి. ఎన్95 పనికొచ్చేది తర్వాత ఉప్పుకాగితం పట్టేటప్పుడు, అదీ తడిపి రుద్దితే దుమ్ము లేవదు.

మన కోనసీమలో వానాకాలం గాలి నిండా తేమే, కాగితం ఆ తేమంతా పీల్చుకుంటుంది. ముందు కవచాన్ని ఎండలో బాగా ఆరబెట్టి, లోపల అట్టముక్కలు అడ్డంగా అంటించండి, లేకపోతే రెజిన్ తడికి ఛాతీ భాగం వంగిపోతుంది. రెజిన్, హార్డెనర్ డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపండి. తొందరగా గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. ఒకేసారి గ్లాసెడు కలిపితే దానంతటదే వేడెక్కి పొగ వస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా, వెడల్పు పళ్లెంలో కలుపుకుని బ్రష్‌తో పల్చగా పూయండి. ఆరాక పైన మైనంలాంటి పొర కనిపిస్తే అది తేమ వల్ల వచ్చిందే, సబ్బునీళ్లతో కడిగి, ఆరాకే రంగు వేయాలి. పూర్తిగా గట్టిపడటానికి వారం పట్టొచ్చు. అప్పటిదాకా వేసుకోవద్దు, వేసుకునేటప్పుడు కూడా లోపల గుడ్డ అస్తరు ఉండాలి.

పిల్లలే చేస్తుంటే మాత్రం రెజిన్ జోలికే పోవద్దు. ఫెవికాల్‌లో కాసిన్ని నీళ్లు కలిపి, పాత నూలుపంచె పీలికలు ముంచి, అట్ట మీద మూడు నాలుగు వరసలు అంటించండి, ఒక వరస ఆరాకే ఇంకోటి. ఒక సాయంత్రం వేషానికి ఆ గట్టితనం చాలు. మైదా జిగురుతోనూ చేయొచ్చు గానీ ఎలుకలు కొరుకుతాయి, అలాగని అందులో మైలుతుత్తం కలపకండి, అది విషం.