పాత అవుట్‌బోర్డ్ మోటారులో పట్టేసిన డ్రెయిన్ స్క్రూను విప్పే విధానం

1960ల నాటి జాన్సన్ లేదా ఎవిన్‌రూడ్ అవుట్‌బోర్డ్ మోటారుకు (పడవ వెనుక తగిలించే ఇంజనుకు) గేర్ ఆయిల్ మార్చడానికి కూర్చున్నవారిని తరచూ మొండికేసి ఆపేది గేర్‌కేస్ (గేర్లుండే అల్యూమినియం పెట్టె) అడుగునుండే, పాత ఆయిల్‌ను బయటికి వదిలే డ్రెయిన్ స్క్రూ. ఉక్కు స్క్రూకూ అల్యూమినియం పోతకూ మధ్య ఉప్పునీరు చేరితే అదొక చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. అందులో తినుకుపోయేది అల్యూమినియం. అప్పుడు పుట్టే తెల్లటి పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, స్క్రూ మరల సందుల్లో సిమెంటులా బిగుసుకుంటుంది.

ముందుగా ఏ స్క్రూ విప్పుతున్నారో చూసుకోవాలి. ఈ మోటార్లలో కొన్ని మోడళ్లకు డ్రెయిన్ స్క్రూ పక్కనే ప్లస్ గాడి ఉన్న స్క్రూ ఒకటి ఉంటుంది. అది గేరు మార్చే లోపలి భాగాన్ని పట్టి ఉంచేది కాబట్టి, పొరపాటున దాన్ని తీస్తే గేర్‌కేస్ మొత్తం విప్పవలసి వస్తుంది. డ్రెయిన్ స్క్రూకు వెడల్పాటి అడ్డగాడి ఉంటుంది.

ఆ గాడిలోని రంగునూ మట్టినీ సూదిమొనతో పూర్తిగా గీకి, గాడి పొడవుకూ మందానికీ సరిగ్గా సరిపోయే బిట్టును ఎంచుకోవాలి. వదులుగా ఉన్న బిట్టు ఒక్కసారి జారినా గాడి అంచు గుండ్రబడుతుంది, ఆ తర్వాత ఏ పనిముట్టుకూ పట్టు దొరకదు. నా లెక్కలో సగం పని ఈ బిట్టు ఎంపికలోనే ఉంది. తరువాత పెనెట్రేటింగ్ ఆయిల్ (పట్టేసిన మరల్లోకి దిగే పలుచని నూనె) వేసి రాత్రంతా వదిలేయాలి. మధ్యమధ్య స్క్రూ తలపై సుత్తితో చిన్నగా తడితే నూనె లోపలికి దిగుతుంది.

మరునాడు గేర్‌కేస్ కింద చెక్కదిమ్మ పెట్టి, సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌ను విప్పే దిశకు అమర్చి, నిటారుగా పట్టుకొని గట్టిగా ఒక దెబ్బ వేయాలి. ఆ దెబ్బ బిట్టును గాడిలోకి నొక్కుతూనే కొద్దిగా తిప్పుతుంది. కదలకపోతే వేడి చేయాలి. అల్యూమినియం మామూలు ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కనుక, హీట్ గన్‌ను స్క్రూ మీద కాక దాని చుట్టూ ఉన్న పోత మీద తిప్పాలి. పెనం మీద చిలకరించినట్లు నీటిచుక్క చిటపటలాడితే చాలు. అంతకు మించితే రబ్బరు సీళ్లు పాడవుతాయి. పెట్రోలు ట్యాంకును ముందే దూరంగా పెట్టి, పైన కారిన నూనెను తుడిచేయాలి. లోపలి నీరు ఆవిరైతే ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి పైనున్న వెంట్ స్క్రూ (గాలి పోయే రంధ్రపు స్క్రూ) తెరిచాకే వేడి పెట్టాలి. అది కూడా రాకపోతే వేడి జోలికి వెళ్లవద్దు.

“టక్” మని స్క్రూ వదిలినప్పుడు ఒకే ఊపున విప్పేయాలనిపిస్తుంది. అలా కాక, పావు చుట్టు విప్పి, కాస్త బిగించి, నూనె చుక్క వేసి మళ్లీ విప్పితే ఆ తెల్లపొడి నలిగి బయటికి వస్తుంది, మరలు చెడవు. తల తెగిపోతే మాత్రం లేత్ షాపుకు తీసుకువెళ్లడం మంచిది, ఎందుకంటే రంధ్రంలో ఈజీ-అవుట్ (తెగిన స్క్రూను బయటికి తీసే పనిముట్టు) విరిగితే ఆ గట్టి ఉక్కును మామూలు డ్రిల్లు కొరకదు.

తిరిగి అమర్చేటప్పుడు మరలను శుభ్రం చేసి, కొత్త వాషర్లు వేసి, మరలకు పలుచగా మెరైన్ గ్రీజు రాయాలి. కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచే ఎక్కించి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ కారడం మొదలైనప్పుడు ముందు పై స్క్రూను, ఆ వెంటనే కింది స్క్రూను బిగించాలి.