పియానో ట్రియో వాయించాలంటే ముందు మిగతా ఇద్దరి పార్టులు నేర్చుకోండి

పియానో, వయొలిన్, చెల్లో కలిసి వాయించే రచన పియానో ట్రియో. జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ డి మైనర్ ట్రియోలో పాట ఎత్తుకునేది చెల్లో. వయొలిన్ ఇంకా నోరు విప్పదు. పియానో దాని కింద మెత్తగా కార్డ్స్, అంటే ఒకేసారి నొక్కే స్వరాల గుత్తులు, వేస్తుంటుంది. నేను చెల్లో వాయిస్తాను కాబట్టి ఈ మొదలంటే నాకు ప్రాణం. చాలా ఏళ్ల కిందట దీన్ని మొదటిసారి వేదిక మీద వాయించినప్పుడు నా పార్టు మొత్తం నాకు కంఠతా వచ్చు. నిద్రలో లేపినా తప్పు లేకుండా వాయించేదాన్ని. అయినా మొదటి పేజీ సగంలోనే నేనూ పియానిస్టూ విడిపోయాం. వయొలినిస్టు ప్రవేశించే సమయానికి ఎవరి తాళం పట్టుకోవాలో తెలియక బిత్తరపోయింది. ఎలాగో కలిశాం, చివరిదాకా వాయించాం. కానీ ఆ అరనిమిషం నన్ను వదల్లేదు.

ఆ రాత్రి మా పియానిస్టు మూడు పార్టులూ ఉన్న తన స్కోరు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "నీ పార్టు మూసెయ్. నేనేం వాయిస్తున్నానో ఒకసారి చూడు" అంది. చూశాను. ఆ కార్డ్స్ తాళం మీద పడటం లేదు, దెబ్బకీ దెబ్బకీ మధ్యలో పడుతున్నాయి. నేనేమో కార్డ్ వినిపించిన చోటే దెబ్బ ఉందనుకుని దాని మీద వాలిపోతున్నాను. ఆమె నా కోసం ముందుకు జరుగుతోంది, నేను ఆమె కోసం ఇంకా ముందుకు జరుగుతున్నాను. ఇద్దరమూ ఒకరినొకరం తరుముకున్నామన్నమాట.

అందుకే కొత్తగా ట్రియో మొదలుపెట్టేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. సొంత పార్టు రావడం సగం పని కూడా కాదు. మిగతా ఇద్దరి పార్టులు నేర్చుకోండి. పియానిస్టుకి ఒక సౌకర్యం ఉంది, ఆమె ముందున్న పుస్తకంలో మూడు పార్టులూ అచ్చయి ఉంటాయి. వయొలిన్‌కీ చెల్లోకీ ఇచ్చే కాగితంలో వాళ్ల ఒక్క వరసే ఉంటుంది. అది చూసి సాధన చేసేవాళ్లకి తాము ఆగిన చోట ఏం జరుగుతోందో తెలియదు, ఖాళీ బార్లు (తాళపు గళ్లు) లెక్కపెట్టుకోవడమే తెలుస్తుంది. మీరు తీగవాద్యం వాయించేవాళ్లయితే మొదటి రిహార్సల్‌కి ముందే స్కోరు సంపాదించండి. మీ పాట పాడుతూ పియానో లయని చేత్తో తొడ మీద కొట్టండి. మెండెల్‌సన్ మొదటి పేజీని ఇలా నాలుగు రోజులు చేశాక నా చేతులకి కాదు, నా ఒంటికి ఆ తాళం పట్టింది. తర్వాత మీ పార్టులో పెన్సిల్‌తో రాసుకోండి: ఇక్కడ వయొలిన్ పాట, ఇక్కడ పియానో ఎడమచెయ్యి వినాలి, ఇక్కడ నేను ఎవరికీ అడ్డం రాకూడదు. నా పార్టులో నా గురించి రాసుకున్న గుర్తుల కన్నా వాళ్ల గురించి రాసుకున్నవే ఎక్కువ.

ఏ ట్రియోతో మొదలుపెట్టాలని చాలామంది అడుగుతారు. మీ పియానిస్టుని అడగండి. మెండెల్‌సన్ 1839లో ఈ ట్రియో రాసినప్పుడు ఫెర్డినాండ్ హిల్లర్ అనే స్నేహితుడు పియానో పార్టు పాతకాలపు పద్ధతిలో ఉందని, ఇంకా మెరుపు కావాలని పట్టుబట్టాడు. మెండెల్‌సన్ ఓపిగ్గా దాన్ని తిరగరాశాడు. ఫలితంగా ఇవాళ పియానిస్టు మీద పడే స్వరాల వాన మామూలుది కాదు. ఆ పని చెయ్యడానికి ఆమెకి మూడు నాలుగు నెలలు కావాలి, మనకి అందులో సగం చాలు. అంత సమయం లేకపోతే క్లారా షూమన్ 1846లో రాసిన జి మైనర్ ట్రియో తీసుకోండి. మూడు వాద్యాలకీ చక్కగా ఊపిరి ఆడే రచన అది, మొదటిసారి కలిసి వాయించేవాళ్లకి ఎంతో నేర్పుతుంది. చైకోవ్‌స్కీ ట్రియో మీద ఎంత మోజు ఉన్నా ఆగండి. దాదాపు ముప్పావుగంట సాగుతుంది, ముగ్గురి బలాన్నీ పిండేస్తుంది. బ్రామ్స్ బి మేజర్ ట్రియో ఎంచుకుంటే ఒక జాగ్రత్త ఉంది. ఆయన దాన్ని 1854లో ఒకసారి ప్రచురించి, 1889లో బాగా తిరగరాశాడు. రెండూ దొరుకుతాయి. మొదలు దాదాపు ఒకేలా ఉండటంతో తేడా వెంటనే తెలియదు. ముగ్గురి చేతుల్లోనూ ఒకే ముద్రణ ఉందో లేదో కూర్చోకముందే చూసుకోండి.

ఇక అందరూ దెబ్బలాడుకునే విషయం, పియానో శబ్దం. "పియానో ఎక్కువైంది, మూత దించు" అనడం తేలిక. నేనూ చాలాకాలం అన్నాను. మెండెల్‌సన్ కాలపు పియానోల చట్రం ప్రధానంగా చెక్కతో చేసింది. తీగల బిగువు తక్కువ, సుత్తులు చిన్నవి, మంద్ర స్వరాలు పలికి త్వరగా తేలిపోయేవి. ఇవాళ్టి గ్రాండ్ పియానోలో పోత ఇనుప చట్రం మీద మొత్తం దాదాపు 20 టన్నుల లాగుడు ఉంటుంది. దానిలో కింది స్వరాలు మోగితే ఆగవు, సరిగ్గా చెల్లో పాడే చోటే నిండిపోతాయి. అంటే పియానిస్టు బలంగా వాయిస్తోందని కాదు, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు వాయించినా ఈ వాద్యం మీద అంత మోగుతుంది.

మూత దించితే ఏమవుతుందంటే శబ్దం పెద్దగా తగ్గదు, మసకబారుతుంది. పియానిస్టుకి తన స్వరం స్పష్టంగా వినపడక ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. మేము మూత పూర్తిగా తెరిచే ఉంచుతాం. దానికి బదులు రెండు పనులు చేస్తాం. ఒకటి, ఎడమచెయ్యి. నేనూ పియానిస్టు ఎడమచెయ్యీ మాత్రమే కలిసి మూవ్‌మెంట్ (రచనలో ఒక భాగం) మొత్తం వాయిస్తాం, వయొలిన్ లేకుండా, కుడిచెయ్యి లేకుండా. ఇద్దరం ఒకే స్వరం మీద ఉన్న చోట ఆమె తగ్గుతుంది, ఆ స్వరానికి ప్రాణం నేను పోస్తాను. రెండు, స్వరాన్ని మోగిస్తూ ఉంచే పెడల్. ఒంటరిగా వాయించేటప్పుడు కార్డ్‌కి ఒకసారి మార్చే పెడల్‌ని ట్రియోలో రెండు మూడుసార్లు, అదీ సగం లోతుకే తొక్కాలి. తీగలు స్వరాన్ని సాగదీస్తుంటే ఆ పని పెడల్ కూడా చెయ్యనవసరం లేదు. ఈ ఒక్క మార్పుతో మా ట్రియో శబ్దం కడిగినట్టు తేటపడింది.

బాధ్యతంతా పియానోదే అనుకోకండి. మన వైపు తప్పు ఏమిటంటే, స్కోరులో మెల్లగా అని ఉందని పాట ఉన్న చోట కూడా నంగి నంగిగా వాయిస్తాం. ఆ గుర్తు మూడు వాద్యాలూ కలిసి వినిపించాల్సిన స్థాయికి. పాట మీదైతే కమాను బ్రిడ్జికి (తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్కకి) కొంచెం దగ్గరగా తీసుకెళ్లి, స్వరానికి గింజ ఉండేలా వాయించండి. మెల్లగానే ఉంటుంది, కానీ చివరి వరసదాకా వెళుతుంది.

శ్రుతి గురించి కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే దీన్ని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఏళ్ల తరబడి నా చెవిని అనుమానించుకున్నాను. వయొలిన్, చెల్లో తీగల్ని శుద్ధ పంచమాలతో (స-ప దూరంతో) కలుపుతాం. పియానోలో ప్రతి పంచమం దానికన్నా రెండు సెంట్లు ఇరుకు. ఒక సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. రెండు సెంట్లు ఎవరికీ వినపడవు. కానీ నేను 'ఎ' తీగని పియానోతో కలిపి, అక్కడినుంచి డి, జి, సి తీగలు శుద్ధంగా కలుపుకుంటూ దిగితే మూడు మెట్లకి రెండేసి చొప్పున నా సి తీగ పియానో సి కన్నా దాదాపు ఆరు సెంట్లు కిందికి పోతుంది. రెండూ కలిసి సాగే చోట అది కచ్చితంగా వినిపిస్తుంది. పరిష్కారం సులువే. 'ఎ' స్వరం ఒక్కటే తీసుకుని ఊరుకోకుండా నాలుగు స్వరాలూ పియానో నుంచి తీసుకోండి. లేదా పంచమాల్ని ఒక వెంట్రుకవాసి ఇరుకుగా కలపండి. వయొలినిస్టు కూడా మీతోపాటే అలా చెయ్యాలి, ఆమె జి తీగ మీ జి తీగతో కలవాలి కదా.

వాయించేటప్పుడు సూత్రం ఇంకొకటి. పియానో కార్డ్ పట్టి ఉంచిన చోట మనం దాని శ్రుతికి వెళ్లాలి, ఎందుకంటే అది కదల్లేదు. పియానో ఆగిన చోట, లేదా పరుగెత్తే స్వరాలతో ఉన్న చోట వయొలిన్, చెల్లో ఒకదానితో ఒకటి కలిస్తే చాలు. రెండూ ఒకే పాటని ఆక్టేవ్ (స్థాయి) తేడాతో వాయించే చోట్లు రొమాంటిక్ (పందొమ్మిదో శతాబ్దపు) ట్రియోల్లో కోకొల్లలు. అక్కడ కింది స్వరం నిండుగా ఉండాలి, పై స్వరం దాని మీద కూర్చోవాలి. వయొలిన్ బలంగా ఉంటే ఎంత శుద్ధంగా వాయించినా శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. కంపనం (తీగ మీద వేలిని ఊపడం, వైబ్రాటో) వెడల్పు కూడా ఒకటిగా ఉండాలి. మేమిద్దరం అలాంటి చోట్లన్నీ మొదట కంపనం లేకుండా, కమాను చాలా నెమ్మదిగా లాగుతూ వాయిస్తాం. విసుగు పుట్టించే పనే. అయినా ప్రతి రిహార్సల్‌లో పది నిమిషాలు దీనికే ఇస్తాం.

కూర్చునే పద్ధతిలో పెద్ద రహస్యం లేదు. ప్రేక్షకులకి ఎడమవైపు వయొలిన్, కుడివైపు పియానో వంపు దగ్గర చెల్లో. నేను తల కొంచెం తిప్పితే పియానిస్టు ముఖం కనపడాలి, ఆమెకి మా ఇద్దరి కమాన్లూ కనపడాలి. కుర్చీ ఒక జానెడు అటూ ఇటూ జరిపి చూసుకోండి.

చూపు కన్నా ముఖ్యమైనది ఊపిరి. మా మొదటి ప్రదర్శనలో రెండో తప్పు అదే. టెన్షన్‌లో చటుక్కున ఊపిరి పీల్చి మొదలుపెట్టాను. పియానిస్టు తర్వాత చెప్పింది, "నువ్వు పీల్చిన వేగమే నాకు నువ్వు ఇచ్చిన తాళం" అని. ఇప్పుడు వాయించబోయే తాళంలోనే ఒక దెబ్బ పొడుగునా ఊపిరి తీస్తాను. అంతకుముందు మనసులో మొదటి పాట కాకుండా ఆ మూవ్‌మెంట్‌లో అందరికన్నా కష్టమైన పియానో పరుగుని ఒకసారి పాడుకుంటాను. ఆ చోటు ఏ వేగంలో స్పష్టంగా పలుకుతుందో అదే మొదటి వేగం. మెండెల్‌సన్ మూడో మూవ్‌మెంట్, ఆ గాలిలో ఎగిరే స్కెర్జో (చురుకైన, ఆటలాడే భాగం), దానికి ఇది మరీ అవసరం. అక్కడ పియానో ముందుంటుంది, ఆమె ఏ వేగంలో దూకితే మనం అదే వేగంలో దూకాలి.

రొమాంటిక్ సంగీతం అంటే తాళాన్ని ఇష్టం వచ్చినట్టు సాగదీయడం అనుకునేవాళ్లు ఉన్నారు. సాగదీయాలి, నిజమే. ముగ్గురూ ఒకేసారి సాగదీస్తే మాత్రం సంగీతం ఆగిపోతుంది. పాట ఎవరిదో వాళ్లే వంగాలి, మిగతావాళ్లు నేల లాగా కదలకుండా ఉండాలి. మెండెల్‌సన్ రెండో మూవ్‌మెంట్‌లో పియానో ఒంటరిగా పాట ఎత్తుకుంటుంది. దాన్ని వయొలిన్ అందుకుంటుంది, చెల్లో పక్కనుంచి జత కలుస్తుంది. అక్కడ మా వయొలినిస్టు ఒక పై స్వరం మీద కాస్త ఆగడానికి ఇష్టపడుతుంది. నాకు ముందుకు నడవాలనిపిస్తుంది. మాటలతో వాదించుకుంటే గంటలు పట్టేవి. ఇప్పుడు మా నియమం, ఒకసారి ఆమె చెప్పినట్టు మనస్ఫూర్తిగా, ఒకసారి నేను చెప్పినట్టు మనస్ఫూర్తిగా వాయించి ఫోన్‌లో రికార్డు చేస్తాం. ఫోన్‌ని దూరంగా, ఏడో వరస కుర్చీలో పెడతాం. ఆ చోట ఆమె చెప్పిందే సరి అని మొదటిసారి విన్నప్పుడే తెలిసిపోయింది.

చెక్ స్వరకర్త ద్వొర్జాక్ రాసిన డుమ్కీ ట్రియో వాయించేవాళ్లకి ఇక్కడ ఇంకో మాట. ఆరు మూవ్‌మెంట్లలోనూ దిగులు పాట నుంచి హఠాత్తుగా ఆటలోకి, ఆటలోంచి దిగులులోకి మారుతుంటుంది. 1891లో ప్రాగ్‌లో మొదటిసారి వినిపించినప్పుడు పియానో దగ్గర ఆయనే కూర్చున్నాడు. ఆ రచనలో నెమ్మదివి, వేగమైనవి విడివిడిగా సాధన చేస్తే లాభం లేదు. మలుపుకి ముందు నాలుగు బార్లు, తర్వాత నాలుగు బార్లు, అంతే తీసుకుని పదిసార్లు వాయించండి. ప్రతి మలుపులోనూ ఎవరు తలుపు తీస్తారో పేరు రాసి పెట్టుకోండి.

ప్రదర్శన రోజున పియానో మారుతుంది, హాలు మారుతుంది. గంట ముందే వెళ్లి మొత్తం వాయించకండి. అతి గట్టి చోటు, అతి మెల్లని చోటు, మొదటి అరపేజీ, ఇవి చాలు. పేజీలు తిప్పే మనిషి రిహార్సల్‌లో ఒకసారైనా కూర్చుని ఉండాలి. మాకు ఒకసారి రెండు పేజీలు కలిసి తిరిగిపోయాయి. పియానిస్టు ఎడమచేత్తో మంద్ర స్వరాలు మాత్రం వదలకుండా పట్టుకుంది, నేనూ వయొలినిస్టూ ఆగలేదు. ఆమె కుడిచెయ్యి ఎక్కడ తిరిగి కలవాలో మా ఇద్దరికీ తెలుసు కాబట్టి ఆ చోటు రాగానే తలెత్తి ఆమెని చూశాం, కలిసింది.

మెల్లగా ముగిసే మూవ్‌మెంట్ల చివరి స్వరం కూడా సాధన చెయ్యండి. తీగలు కావాలంటే స్వరాన్ని ఇంకా సాగదీయగలవు, పియానో స్వరం పుట్టిన క్షణం నుంచే తరిగిపోతుంటుంది. కాబట్టి అది ఎంత తరిగితే మేమూ అంత తగ్గుతాం, కమానుని చివరిదాకా నడిపిస్తూ, కంపనాన్ని ముందే ఆపకుండా. పియానిస్టు పెడల్ వదిలే ముందు ఆమె భుజాలు కొద్దిగా పైకి లేస్తాయి. అది చూసి మేమిద్దరం కమాన్లు తీగ మీద నుంచి తీస్తాం, చేతులు మాత్రం గాలిలో అలాగే ఉంచి.