స్టెడ్‌ఫాస్ట్ మూలం పట్టుకోవడం ఎలా

ఇంగ్లీషులో రెండు ముక్కలు అతికిన విశేషణం కనబడితే ముందు అతుకు ఎక్కడుందో చూడండి. స్టెడ్‌ఫాస్ట్‌నే (steadfast, అంటే చలించని) తీసుకోండి: స్టెడ్, ఫాస్ట్. ఇక్కడ ఫాస్ట్ అంటే వేగం అనుకుంటే పని చెడినట్టే. పొందూరులో బట్టల కొట్టుకెళ్లి రంగు పోతుందా అనడిగితే "ఫాస్ట్ కలరండీ, పోదు" అంటారు కదా, ఆ ఫాస్టే అసలుది, గట్టిగా నిలిచేది అని. వేగం తర్వాత వచ్చి చేరిన అర్థం.

ఇక ఆన్‌లైన్ నిఘంటువులో పాత ఇంగ్లీషు రూపం వెతకండి. స్టెడె అంటే చోటు, ఫ్యాస్ట్ అంటే స్థిరం, కలిపితే ఉన్నచోటు నుంచి కదలనిది. ఇన్‌స్టెడ్‌లో ఉన్నదీ ఈ స్టెడే.

ఆపైన జర్మన్‌తో పోల్చండి. అక్కడ ఫెస్ట్ అంటే ఇప్పటికీ గట్టి అనే, నగరాన్ని పిలిచే ష్టాట్ కూడా స్టెడ్‌కి చుట్టమే. కానీ జర్మన్ కూడా లాటిన్ దగ్గర బోలెడు మాటలు అరువు తెచ్చుకుంది, కాబట్టి పోలిక ఒక్కటే చూసి మాట జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ రెండూ పుట్టిన భాషాకుటుంబం) అని తేల్చేయకండి, పాత రూపం దొరకాల్సిందే.

నేటి స్పెల్లింగ్‌ని అసలు నమ్మొద్దు. సిగ్గుపడ్డ అని చెప్పే షేమ్‌ఫేస్డ్‌లో (shamefaced) మొదట ముఖమే లేదు! అది షేమ్‌ఫాస్ట్, 16వ శతాబ్దంలో జనం ఫేస్ అనుకుని మార్చేశారు.