వానలు మొదలయ్యేలోపు నానమ్మ డైరీని ఆ కవర్లోంచి తీయండి

మొన్న ఆదివారం మా పిన్ని అటక మీంచి ఒక మూట దించింది. లోపల మా నానమ్మ పొలం డైరీ. మూడేళ్ళ కిందట, వానకు తడవకూడదని పిన్నే రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, రబ్బరు బ్యాండ్లు బిగించి పెట్టింది. విప్పగానే బూజు వాసన గుప్పుమంది. మధ్యలో నలభై పేజీల దాకా ఒకటే దిమ్మలా అతుక్కుపోయాయి. ఇంకుతో రాసిన చోట నీలి మరకలు మిగిలాయి. పెన్సిల్ రాతలు మాత్రం నిలిచాయి. అందులో ఒక లైను: "ఎర్రావు ఈనింది, కోడెదూడ. రాత్రి చిన్నోడు పుట్టాడు." ఆ చిన్నోడు మా నాన్న. ఆవు తర్వాతే ఆయన!

ఆ ఇంట్లో చుక్క నీరు కారలేదు. డైరీని పాడుచేసింది వాన కాదు, ఆ కవరే. ఇలా పోయిన పుస్తకాల్లో నేను చూసినది ఇది మూడోది, మూడూ ప్రేమగా మూటకట్టినవే.

కాగితం చేతికి పొడిగా తగిలినా లోపల కొంత తేమ ఎప్పుడూ ఉంటుంది. వేడికి అది బయటికొస్తుంది, చల్లబడగానే కవరు లోపలివైపు చెమటలా పట్టి మళ్ళీ కాగితం మీదకే దిగుతుంది. బయటికి పోయే దారి లేదు. బూజుకు అంతకన్నా ఏం కావాలి? అందుకే ప్లాస్టిక్ కవర్లో కట్టి పెట్టొద్దు.

ఎక్కడ పెట్టాలి: మనుషులు తిరిగే గదిలో, బయటి గోడకు ఆనకుండా, బీరువా మధ్య అరలో. పాత నూలు గుడ్డలో చుట్టి అట్టపెట్టెలో పెడితే చాలు. అటక వేడి, నేల చెమ్మ, రెండూ వద్దు. నెలకోసారి తీసి వాసన చూడండి. బూజు కంటికి కనబడకముందే ముక్కుకు తెలుస్తుంది.

ఫోటోలు: పుస్తకాన్ని ఇంకేమీ చేయకముందే తీసుకోవాల్సింది ఇవే. కిటికీ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, ఫోను పేజీకి సమాంతరంగా పట్టుకుని తీయండి. అట్టలు, ఖాళీ పేజీలు, మధ్యలో దొరికిన చీటీలు, అన్నీ వరసగా. "ముఖ్యమైనవి" ఏరి తీయొద్దు. కూలీల లెక్క ఉన్న పేజీ మూలలోనే పెళ్ళి తేదీ ఉంటుంది. ఎండుటాకో విత్తనాల పొట్లమో ఉంటే ఏ పేజీలో ఉందో రాసుకుని తర్వాత కదపండి. ఫోటోలు ఒక్క ఫోనులోనే ఉంచితే ఉన్నట్టు కాదు. మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే ఇంట్లో.

తడిస్తే: రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది. కొద్దిగా తడిస్తే పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విచ్చుకునేలా ఉంచి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. మధ్యమధ్యలో తెల్ల కాగితాలు పెట్టి మారుస్తూ ఉండండి. న్యూస్‌పేపర్ పెడితే దాని సిరా అంటుకుంటుంది. బాగా నానిపోయి, వెంటనే ఆరబెట్టలేకపోతే, కవర్లో పెట్టి ఫ్రీజర్లో పెట్టండి. బూజు పెరగడం అక్కడితో ఆగుతుంది. ప్లాస్టిక్ కవరుకు ఇదొక్కటే మినహాయింపు. ఫ్రీజర్ బయట మాత్రం మళ్ళీ చెబుతున్నా, కవర్లో కట్టి పెట్టొద్దు.

ఇంకా ఉన్నాయి, గుర్తొచ్చినట్టు రాస్తున్నా.

ఎండలో పెట్టొద్దు. ఇంకు వెలిసిపోతుంది, అట్ట వంకర తిరుగుతుంది.
అతుక్కున్న పేజీలను గోటితో విడదీయొద్దు.
సెల్లోటేప్ వేయొద్దు. పసుపెక్కి, జిగురు కాగితంలోకి దిగుతుంది.
లామినేషన్ అసలే వద్దు. ఒకసారి చేశాక వెనక్కి తీయలేరు.
వెలిసిన అక్షరాల మీద పెన్నుతో దిద్దొద్దు. ఎవరు చెప్పినా సరే.
రబ్బరు బ్యాండ్లు, పిన్నులు ఇప్పుడే తీసేయండి.
బూజు ఉంటే ఇంట్లో దులపొద్దు. మాస్కు పెట్టుకుని బయటికెళ్ళండి.
వేలు తడి చేసుకుని పేజీ తిప్పేవాళ్ళకు డైరీ ఇవ్వొద్దు. మా బాబాయికి కూడా.
పొడి అక్షరాలు, పొలాల ముద్దుపేర్లు ఏమిటో పెద్దవాళ్ళను ఇప్పుడే అడగండి, ఫోనులో రికార్డు చేయండి. ఫోటో తీసినా అర్థం వాళ్ళ దగ్గరే ఉంది.
కవర్లో కట్టి పెట్టొద్దు.

పిన్ని దగ్గర ఇంకో నోటుబుక్కు ఉందట. "అది బాగానే ఉంటుందిరా, దానికి మూడు కవర్లు వేశా" అంది. సాయంత్రం వెళ్తున్నాను.